సత్యవేణి నవ్విన కేసు

గుబ్బల సత్యవేణి నవ్వింది.

సమయం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. స్థలం పడవలరేవు వీధిలో ఆమె ఇంటి ముందుగదిలోని కుట్టుమిషను కొట్టు. ప్రత్యక్ష సాక్షి ఒకడు, అతను ప్రభుత్వోద్యోగి. నవ్వు నిడివి ఏడు సెకన్లు. చివర్లో ముక్కుతో చిన్న శబ్దం కూడా వచ్చిందని పంచనామాలో ఉంది.

రెండేళ్లలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు మీదే ఆమెకు నోటీసు వచ్చింది.

రెండేళ్ల కిందట ఓ మధ్యాహ్నం సత్యవేణి కత్తెర కింద పెట్టింది. మళ్లీ ముట్టుకోలేదు. ఎవరూ చనిపోలేదు. ఎవరూ మోసం చేయలేదు. మొగుడు వీర్రాజు మంచినీళ్ల ట్యాంకు ఆపరేటరు. తాగడు, తిట్టడు, వాల్వు తిప్పి వచ్చి వంటింట్లో సాయం చేస్తాడు. అయినా రోజుకి పది జాకెట్లు కత్తిరించే మనిషి మెడలో టేపు వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. అన్నం మట్టి తిన్నట్టుందని కొన్నాళ్లు అంది. తర్వాత అనడం కూడా మానేసింది. మూడు రకాల మాత్రలు మారాయి. చివరికి జిల్లా ఆసుపత్రిలో మనోవైద్యురాలు డాక్టర్ హిమజ, "కొంతమందికి మాత్రలు పట్టవమ్మా. అయస్కాంతం పెట్టి చూద్దాం" అంది.

మంత్రం కాదు, మాయ కాదు. ఒక పెద్ద కుర్చీ, దాని పక్కన ఎనిమిది అంకెలా చుట్టిన తీగచుట్ట. చెవి కమ్మలు, తలపిన్నులు తీసేసి కూర్చోవాలి. ఆ చుట్టని తలకి ఎడమవైపు ముందుభాగంలో ఆనిస్తారు. అయస్కాంతం టకటకమంటూ మెదడులో మొద్దుబారిన చోటుని తట్టి లేపుతుంది. మత్తు ఇవ్వరు, షాకు కొట్టదు. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు, మొత్తం ముప్పై సిట్టింగులు.

"అందరికీ పనిచేస్తుందని చెప్పను" అంది డాక్టర్ హిమజ. "నీకు పనిచేస్తే మాత్రం మధ్యలో ఆపకూడదు. ఆపితే మళ్లీ మొదటికి రావచ్చు."

వైద్యం ఇంతే. చిక్కంతా దాని చుట్టూ ఉన్న పథకంలో ఉంది.

పథకం పేరు 'ఉల్లాస జ్యోతి'. అది మొదలైన నెలలోనే పైవాళ్లకి ఒక భయం పట్టుకుంది. సంతోషంగా ఉన్నవాళ్లు విషాదపరులుగా నటించి ప్రభుత్వ అయస్కాంతాన్ని వాడుకుపోతే? బియ్యం అనర్హులకు పోయాయి. ఇళ్ల స్థలాలు పోయాయి. కనీసం అయస్కాంతాన్నయినా కాపాడాలని జిల్లా విషాద నిర్ధారణ సంఘం వేశారు. ఇక మీదట విషాద ధ్రువపత్రం ఉన్నవాళ్లకే కుర్చీ.

ధ్రువపత్రం రాయడానికి వీఆర్వో లోవరాజు ఇంటికొచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, మెత్తటి మనిషి, చంకలో ఎప్పుడూ అట్టల ఫైలు.

"విషాదానికి కారణం ఏం రాయమంటారక్కా?"

"కారణం ఏం లేదు తమ్ముడూ."

"లేదంటే కుదరదండి. ఫారంలో మూడే ఉన్నాయి. ఆస్తి తగాదా, కాపురం తగాదా, పంట నష్టం."

వీర్రాజు ముందుకొచ్చాడు. "కాపురం తగాదా అని రాసేయండి. నాకేం పర్లేదు."

"అప్పుడు మీ మీద కేసు కట్టాలండి."

వీర్రాజు వెనక్కి తగ్గాడు. ముగ్గురూ కాసేపు ఆలోచించారు. పెరట్లో కరివేపాకు చెట్టు ఎండిపోయిన సంగతి వీర్రాజుకి గుర్తొచ్చింది. లోవరాజు వెళ్లి చూసి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, 'పంట నష్టం, నూరు శాతం' అని రాసుకున్నాడు.

సాక్షి సంతకానికి పక్కింటి బుల్లెమ్మని పిలిచారు. ఆవిడ సంతకం పెట్టనంది.

"దానిదేం విషాదం? కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటది, నోరెత్తి ఒక్క మాటనదు. నా మోకాళ్లు చూడు. నా కోడల్ని చూడు. ముందు నాది రాయి!"

ఆ కేక విని వీధి వీధంతా తమ తమ విషాదాలతో వచ్చి నిలబడింది. లోవరాజు ఆ పూట ముప్పై ఏడు దరఖాస్తులు తీసుకున్నాడు. తనది రాశాకే బుల్లెమ్మ సాక్షి సంతకం పెట్టింది.

తర్వాతది కొలత. సంఘంలో తూనికలు కొలతల శాఖ నుంచి భద్రం అనే ఇన్‌స్పెక్టరుని సభ్యుడిగా వేశారు. విషాదాన్ని ఎలా కొలవాలో తెలీక ఆయన వారం రోజులు సెలవు పెట్టి ఆలోచించి ఓ పద్ధతి కనిపెట్టాడు. సీలు వేసిన ప్రభుత్వ చేతిరుమాలు ఇచ్చి, పావుగంట ఏడిపించి, ముందూ వెనకా తూచడం. తేడా ఎన్ని గ్రాములుంటే అంత విషాదం.

సత్యవేణి రుమాలు పన్నెండు గ్రాములు వెళ్లింది, పన్నెండు గ్రాములే తిరిగొచ్చింది.

"ఏడుపు సున్నా" అన్నాడు భద్రం.

"ఏడవలేకపోవడమే ఆమె జబ్బండీ" అంది డాక్టర్ హిమజ.

"కావచ్చు మేడమ్. సున్నాని తూచడానికి మా దగ్గర రాయి లేదు."

చివరికి నిట్టూర్పులు లెక్కపెట్టారు. పావుగంటకి పందొమ్మిది. భద్రం ముఖం విప్పారింది. జిల్లాలో అదే రికార్డు. 'మొదటి తరగతి విషాదం' అని ముద్ర కొట్టి పంపించాడు.

అలా కుర్చీ దక్కింది. అయితే పథకానికి తొమ్మిదో నిబంధన అనేది ఒకటుంది. పదిహేను సిట్టింగులు అయ్యాక మళ్లీ పరిశీలించాలి. విషాదం తగ్గి ఉంటే లక్ష్యం నెరవేరింది కాబట్టి మిగతా సిట్టింగులు రద్దు. తగ్గకపోతే వైద్యం దండగ కాబట్టి మిగతా సిట్టింగులు రద్దు. అప్పటిదాకా పథకంలో చేరినవాళ్లు నూట పన్నెండు మంది. ముప్పై పూర్తి చేసినవాళ్లు ఒక్కరూ లేరు. సంఘం తన నివేదికలో దీన్ని 'నూరు శాతం పరిష్కారం' అని రాసుకుంది.

* * *

పరిశీలనకి లోవరాజు ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. అందువల్ల సత్యవేణికి పదహారో సిట్టింగు కూడా దక్కింది.

"ముఖం మరీ వేలాడేయకు, దండగంటారు" అని వీర్రాజు పొద్దుట్నుంచీ పాఠం చెబుతున్నాడు. "మరీ తేటగానూ ఉండకు. మధ్యస్తంగా ఉండు."

"మధ్యస్తం ముఖం ఎలా ఉంటదయ్యా?"

"నా ముఖం చూసి పెట్టుకో."

సరిగ్గా నాలుగూ పదికి లోవరాజు గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా గుండీలు ఒక్కో కాజా తప్పించి పెట్టుకున్నాడు. ఎడమవైపు అంచు బొడ్డు దగ్గర, కుడివైపు అంచు తొడ దగ్గర ఉన్నాయి. కాలరు ఒక చెవిని తాకుతోంది. అలాగే ఊరంతా తిరిగి మూడు పంచనామాలు చేసి వచ్చాడు.

సత్యవేణి చూసింది. ఎదుటి మనిషి ఒంటిమీది బట్ట ఆమె కంటికి కనబడి రెండేళ్లయింది. ఆ కాలరు, ఆ చెవి, వాటి మధ్య ఆ గంభీరమైన ముఖం. నవ్వు తన్నుకొచ్చింది.

లోవరాజు తనని తాను చూసుకున్నాడు. గడియారం చూసుకున్నాడు. బిక్కముఖంతో పెన్ను తీశాడు.

"నవ్వకండక్కా. చూస్తే రాయాల్సొస్తది."

ఆ మాటకి ఇంకాస్త నవ్వింది. అదీ రాశాడు.

మర్నాడు నోటీసు అందింది. 'సదరు లబ్ధిదారు పైన ఉదహరించిన సమయమున బహిరంగముగా నవ్వియున్నందున, సదరు నవ్వును అనర్హతగా ఏల పరిగణించరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

వీర్రాజు నెత్తిన చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. వారం కిందటైతే సత్యవేణి ఆ కాగితం రెండు ముక్కలు చదివి పక్కన పడేసేది. ఇప్పుడు చివరిదాకా చదివింది. అధ్యక్షుల సంతకం కింద, చీమల బారులాంటి అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. 'విచారణ ముగిసి తుది ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగును.'

"ఏవయ్యా, యథాతథ స్థితంటే ఏంటి?"

"ఉన్నది ఉన్నట్టు ఉండాలని. మా ట్యాంకు పైపు కేసులో అదే ఇచ్చారు. పైపు ఆరేళ్లు కారతానే ఉంది. ఎవడూ ముట్టుకోడానికి లేదు."

"అయితే ఇది తేలేదాకా నా సిట్టింగు నాకుంటది."

వీర్రాజు చెయ్యి నెత్తి మీంచి కిందికి దిగింది.

"మనం గెలవక్కర్లేదు" అంది సత్యవేణి. "తేలకుండా చూస్తే చాలు. పద్నాలుగు రోజులు."

"సర్కారు ఆఫీసులో పని తేలకుండా చూడ్డం ఓ కష్టమా వేణీ!"

కష్టమే. ఆ సంఘం మిగతా అన్నిటిలో ఎలా ఉన్నా రద్దు చేయడంలో మహా చురుకు. నూట పన్నెండు ఫైళ్లనీ ఒక్కో పూటలో మూసింది.

* * *

సంజాయిషీకి ఇచ్చిన మూడు రోజుల్లో ఆమె ఒక్కటీ వదులుకోలేదు. రోజూ పొద్దున్నే కుర్చీలో కూర్చుంది, మూడోనాటి సాయంత్రం ఆఫీసు మూసే ముందు సంజాయిషీ ఇచ్చింది. ఇంకా పదకొండు సిట్టింగులున్నాయి.

విచారణ గదిలో అధ్యక్షుడు పరంధామయ్య పొడుగాటి బల్ల వెనక కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లుగా నిబంధనల పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునే మనిషి.

"ముఖ్య ప్రశ్న. మీరు నవ్వియున్నారా, నవ్వియుండలేదా?"

"ఏ నవ్వండి?"

"ఏ నవ్వు అనగా?"

"చిరునవ్వా, పకపకా నవ్వడమా, నవ్వాపుకోలేక నవ్వడమా? కాగితంలో నవ్వు అని ఊరికే రాసేశారండి. జాకెట్టు కుట్టమంటే ఏ మెడ, ఏ చెయ్యి అనడక్కుండా నేను గుడ్డ కత్తిరిస్తానా అండి?"

పరంధామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తన సర్వీసులో ఎవరూ ఆయన్ని ఇంత మంచి ప్రశ్న అడగలేదు.

"నిర్వచనం లేదు!" అన్నాడు ఆనందంగా. "భద్రం గారూ, నవ్వు అను పదమునకు మన నిబంధనలలో నిర్వచనమే లేదు. తక్షణం ఉపసంఘం వేయవలెను!"

ఉపసంఘం నాలుగు రోజులు కూర్చుంది. నవ్వులు పదకొండు రకాలని తేల్చింది. ప్రతి రకానికీ పళ్లు ఎన్ని కనపడాలో అనుబంధంలో ఇచ్చింది. సత్యవేణిది ఆరో రకం. 'అసంకల్పిత మధ్యమ హాసం'. ఈ నాలుగు రోజులూ ఆమె నాలుగు సిట్టింగులు పూర్తి చేసుకుని, ఒక సాయంత్రం గోంగూర పచ్చడి రెండోసారి వడ్డించుకుంది. వీర్రాజు పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు.

ఏడు మిగిలాయి. రెండో విచారణలో డాక్టర్ హిమజ నచ్చజెప్పబోయింది.

"సార్, జ్వరం తగ్గుముఖం పట్టిందని మాత్రలు సగంలో ఆపుతామా? ఆమె సగం దూరం వచ్చింది. ఇక్కడ ఆపితే వెనక్కి జారుతుంది."

"జ్వరము మా పరిధిలోనిది కాదు డాక్టరు గారూ. సగము అను గడియు ఫారంలో లేదు. నయమైనదా, కాలేదా? రెంటిలో ఒకటి చెప్పుడు."

ఏది చెప్పినా రద్దే. సత్యవేణి లేచి నిలబడింది.

"నాది ఆరో రకమే అని ఎలా చెప్పగలరండి? ఆ రోజు నా పళ్లు ఎవరైనా లెక్కెట్టారా?"

లోవరాజు ఫైలు తిరగేశాడు. ఎవరూ లెక్కపెట్టలేదు.

"అట్లయిన సంఘటనా స్థలమున నవ్వును పునఃప్రదర్శింపజేయవలెను" అన్నాడు పరంధామయ్య. ఏర్పాట్లకి రెండు రోజులు.

ఐదు మిగిలాయి.

* * *

ఆ రోజు పడవలరేవు వీధిలో ఎవరూ పనికి పోలేదు. బుల్లెమ్మ కుర్చీ తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంది. భద్రం శబ్దం కొలిచే పరికరం బల్ల మీద పెట్టాడు. పరంధామయ్య చేతిలో స్టాప్‌వాచ్. ఆయన పక్కన రెండు ఉత్తర్వులు టైపు చేసి సిద్ధంగా ఉన్నాయి. నవ్వితే మొదటిది, నవ్వకపోతే రెండోది. సంతకం ఒక్కటే తరవాయి.

నాలుగూ పదికి లోవరాజు గుండీలు తప్పుగా పెట్టుకుని లోపలికి వచ్చాడు. సత్యవేణికి నవ్వు రాలేదు. ఆ రెండు కాగితాలు కనబడుతుంటే ఎలా వస్తుంది? పరంధామయ్య పెన్ను మూత తీశాడు.

"చూడండి సార్, మీకో మాట" అంది సత్యవేణి. "ఆ రోజు నేను మిషను ముందు ఈ పీట మీద కూర్చున్నానండి. నాకేం కనపడిందో మీకు తెలియాలంటే మీరు ఇక్కడ కూర్చోవాలి. అక్కణ్నించి చూసి రాస్తే అది విన్న సాక్ష్యం అవుద్ది, చూసిన సాక్ష్యం అవదు కదండి?"

పరంధామయ్య ఆలోచించాడు. నిబంధన ప్రకారం అది సరైన మాట. ఆయన లేచి వచ్చి, పంచె సర్దుకుని, పొట్టి పీట మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

"వెలుపలికి పోయి మరల ప్రవేశించుము" అన్నాడు.

లోవరాజుకి కంగారు పుట్టింది. అధ్యక్షుల వారి ముందు అంతా పక్కాగా ఉండాలని గుమ్మం బయట గుండీలన్నీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ కంగారులో కింది గుండీని తీసుకెళ్లి మెడ కాజాలో దూర్చాడు. చొక్కా అడుగుభాగం గడ్డం కిందికి వచ్చింది. పొట్ట బయటపడింది. ఫైలు చంకలో పెట్టుకుని, తల కదలక ఒంటితో సహా పక్కకి తిరిగి, "నమస్కారమండయ్యా" అన్నాడు.

పరంధామయ్య పెదవులు బిగించాడు. ముక్కు ఊడిపోయేలా పీల్చాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు. పద్దెనిమిదేళ్ల నవ్వు ఒక్కసారిగా వచ్చింది. పీట మీంచి పక్కకి ఒరిగి, మిషను పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. వీధంతా నవ్వింది. బుల్లెమ్మ మోకాళ్లు మరిచిపోయి లేచి నిలబడింది.

భద్రం మాత్రం నవ్వలేదు. ఆయన డ్యూటీలో ఉన్నాడు.

"పదకొండు సెకన్లు సార్. పళ్లు ఇరవై రెండు. తొమ్మిదో రకం."

పరంధామయ్య నవ్వు టక్కున ఆగిపోయింది. ఎక్కడ ఆగాలో ఆయనకి తెలుసు.

"భద్రం గారూ" అన్నాడు పీలగొంతుతో. "వివాదములో ఉన్న నవ్వును స్వయముగా నవ్విన అధికారి సదరు వివాదమున తీర్పరిగా ఉండవచ్చునా?"

"ఉండరాదండి. నాలుగో నిబంధన."

పరంధామయ్య రెండు ఉత్తర్వులూ మడిచి జేబులో పెట్టుకుని, తన మీద తానే ఒక నివేదిక రాసుకుని, విచారణ నుంచి తప్పుకున్నాడు. కొత్త అధ్యక్షుడిని నియమిస్తూ రాజధాని నుంచి కాగితం రావాలి. మూడు కొర్రీలు పడి అది వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

ఐదో రోజునే డాక్టర్ హిమజ కుర్చీ పక్కన రిజిస్టరులో 'ముప్పై పూర్తి' అని రాసింది. ఆ మాట రాయడం ఆమెకి అదే మొదటిసారి. రాయడానికి గడి లేక మార్జినులో రాసి, కింద గీత గీసింది. సత్యవేణి తలపిన్నులు పెట్టుకుని, కమ్మలు పెట్టుకుని, దారిలో బట్టల కొట్టు దగ్గర ఆగి పదహారు రకాల గుడ్డలు వేళ్లతో నలిపి చూసుకుని ఇంటికి నడిచి వచ్చింది. మర్నాటి నుంచి మళ్లీ కత్తెర పట్టింది.

* * *

మరో వారానికి లోవరాజు తుది ఉత్తర్వు పట్టుకొచ్చాడు. ఆమె మిషను తొక్కుతూ, "చదువు తమ్ముడూ" అంది.

"'సదరు లబ్ధిదారు నవ్వినందున ఆనాటికే అనర్హురాలని నిర్ధారించడమైనది. కావున విచారణ కాలమున అనర్హముగా పొందిన పద్నాలుగు సిట్టింగుల ఉల్లాసమును పదిహేను దినములలోగా సంఘమునకు తిరిగి అప్పగించవలెను. అప్పగించునప్పటికి సదరు ఉల్లాసము చెక్కుచెదరక ఉండవలెను.'"

మిషను ఆగింది.

"తిరిగి అప్పగించాలా? ఎలాగంట?"

"అది రాయలేదండి. పైకి అప్పీలు చేసుకోవచ్చని మాత్రం ఉంది."

"అప్పీలు చేస్తే అది తేలేదాకా?"

లోవరాజు కాగితం వెనక్కి తిప్పి చదివాడు. "యథాతథ స్థితేనండి."

"అంటే తేలేదాకా నేను సంతోషంగానే ఉండాలి."

"ఆయ్. రూలు ప్రకారం ఉండి తీరాలండి."

"మామూలుగా అప్పీలు తేలడానికి ఎంత పడుతుంది?"

"మా తాతగారి పొలం అప్పీలు ఇంకా నడుస్తోందక్కా."

సత్యవేణి మళ్లీ మిషను తొక్కింది. పని అయిపోయినా లోవరాజు కదల్లేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ కుర్చీలో కూర్చుంటే నొప్పి పుడతదా?"

"వడ్రంగిపిట్ట నెత్తిన పొడుస్తున్నట్టు ఉంటది. మూడు రోజులకి అలవాటవుద్ది. ఎవరికి?"

"తెలిసినోళ్లకండి."

ఆమె కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసింది. "ఎన్నాళ్లనించి తమ్ముడూ?"

లోవరాజు నేలచూపులు చూశాడు. "ఏడాది దాటిందండి. రోజంతా ధ్రువపత్రాలు రాస్తాను, సాయంత్రానికి ఒక్క మనిషీ గుర్తుండరు. ఇంటికెళ్తే మా అమ్మ పిలుస్తానే ఉంటది, పలకబుద్ధి కాదు. ఎందుకో తెలీదండి."

"మరి దరఖాస్తు పెట్టకపోయావా?"

"నా విషాదానికి నేనే సర్టిఫికెట్టు ఇచ్చుకోకూడదు కదండి."

"పక్క ఊరి వీఆర్వో రాస్తాడు. ఇలా కూర్చో." ఆమె సొరుగులోంచి తెల్లకాగితం, పెన్ను తీసింది. "దరఖాస్తు నువ్వు రాయి. దాని మీద ఆక్షేపణ నేను రాస్తాను."

"నా మీద ఆక్షేపణా? నేనేం చేశానక్కా?"

"ఆక్షేపణ లేకపోతే విచారణ ఉండదు. విచారణ లేకపోతే పదిహేనో రోజున నిన్ను లేపేస్తారు. ఆలోచించు. ఈ ఏడాదిలో ఎప్పుడైనా నవ్వావా?"

లోవరాజు చాలాసేపు ఆలోచించాడు. "ఒక్కసారి నవ్వినట్టున్నానండి."

"ఎప్పుడు? తేదీ గుర్తుందా?"

"లేదండి."

"మరీ మంచిది" అంది సత్యవేణి, పెన్ను మూత తీస్తూ. "అది తేల్చడానికే వాళ్లకి నెల పడతది."